జావ మేడం

సుమర్ని పాఠం చెప్పే నూటపన్నెండో నంబరు గదికి కిటికీలన్నీ పడమటి దిక్కునే. మార్చి వచ్చిందంటే మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఎండ లోపలికొచ్చి బల్లల మీద కూర్చునేది. కూర్చోవలసిన పిల్లలే ఏటేటా తగ్గిపోతూ వచ్చారు. మొదటి ఏట పదకొండు మంది. ఈ ఐదో ఏట ఇండోనేషియన్ భాషకు నలుగురు. జావనీస్ భాషకు ఒకే ఒక్క అమ్మాయి, ధర్మవరం నుంచి రోజూ బస్సులో వచ్చే అరుణజ్యోతి.

అనంతపురం నుంచి బత్తలపల్లెకు పోయే దారిలో, వానల కోసం చూసి చూసి విసిగిపోయిన రైతుల దగ్గర చెనిక్కాయ చేలు కొని కట్టిన ప్రైవేటు యూనివర్సిటీ అది. విదేశీ భాషలొస్తే బెంగళూరు కంపెనీల్లో ఉద్యోగాలు గ్యారంటీ అని ఎవరో చెప్పగా, యాజమాన్యం జపనీస్‌తో పాటు ఇండోనేషియన్ కూడా పెట్టింది. జావా ద్వీపంలోని యోగ్యకర్త నగరం నుంచి సుమర్నిని రప్పించింది. తన తల్లిభాష జావనీస్‌ను కూడా నేర్పుతానని ఆమే అడిగితే, అదనంగా పోయేదేముంది, నేర్పుకోమన్నారు.

ఇక్కడి జనానికి ఆమె పేరు నోరు తిరగలేదు. ఆఫీసులో సువర్ణ మేడం అయింది. మెస్సులో సువర్ణమ్మ అయింది. గదులు ఊడ్చే ఆడవాళ్ళకు మాత్రం ‘జావ మేడం’. రాగిజావ కాచేది నేర్పించడానికి అంత దూరం నుంచి మనిషిని తేవాల్నా అని మొదట్లో వాళ్ళలో వాళ్ళు నవ్వుకున్నారట.

సుమర్ని తెలుగు నేర్చుకున్నది వాళ్ళ దగ్గరే. అందుకే డీన్ గారు ఎదురుపడితే "యాడికి పోతాండారు సార్?" అని పలకరించేది. ఆయన నవ్వు ఆపుకుంటూ తలాడించేవాడు. ఆ నవ్వు ఎందుకో ఆమెకు మూడో ఏడు గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలా సిగ్గుపడింది. ఎదుటి మనిషి వయసు, హోదా చూసుకుని ప్రతి మాటా మార్చి పలకాల్సిన భాష ఆమెది. ‘తినడం’ అనే దానికే మూడు మాటలు. తనవాళ్ళతో ఒకటి, పరాయివాళ్ళతో ఒకటి, పెద్దవాళ్ళ గురించి చెప్పేటప్పుడు మరొకటి. ఇరవై రెండేళ్ళుగా ఆ మర్యాదలే పాఠాలుగా చెప్పుకుని బతికిన మనిషి, ఇక్కడ పెద్దల ముందు ఎట్లా మాట్లాడుతోందో తనకే తెలియదు. కొన్నాళ్ళు నోరు కట్టేసుకుంది. తర్వాత దానికీ ఓపిక చాలక మళ్ళీ అలాగే మాట్లాడింది.

కరువు ఆమెకు కొత్త కాదు. పుట్టింది గునుంగ్ కిదుల్ అనే సున్నపురాతి కొండల సీమలో. నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టి కాచుకోవడం చిన్నతనంలోనే అలవాటు. కొత్తది ఈ అలసటే. పొద్దున లేస్తే ఒళ్ళంతా ఎవరో తడిబట్ట పిండినట్టు పిండి పక్కన పడేసినట్టుండేది. ఇక్కడికి వచ్చిన రెండో ఏట తల్లి చనిపోతే, ఈమె ఊరు చేరేసరికి మట్టి చేసి మూడు రోజులైంది. ఆ అలసట అప్పుడు మొదలైందో, అంతకు ముందే ఉందో ఆమెకే తెలియదు.

ఈ ఐదో ఏట రంజాన్ ఉపవాసాల నెల మార్చిలో పడింది. ఒకరోజు డీన్ గారు పిలిపించి కాగితం చేతికిచ్చాడు.

"జూన్ నుంచి మీ కోర్సు ఆపేస్తున్నాం మేడం. అడ్మిషన్లు లేవు. ఇండోనేషియన్ ఆన్‌లైన్‌లో చూస్తాం. జావనీస్ అయితే... మీకు తెలియనిదేముంది?"

"తెల్సు సార్," అంది సుమర్ని. బాధ వేస్తుందేమోనని గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగి చూసుకుంది. వేయలేదు. ఇక ప్రశ్నపత్రాలు తయారుచేసే పని తప్పిందన్న తేలికపాటు ఒక్కటే తెలిసింది.

ఆమె గదికి వచ్చేసరికి చిన్నక్క చీపురు గోడకు ఆనించి, తలుపు పక్కన నిలబడి ఉంది. ఆ వరండా ఊడ్చేది చిన్నక్కే. యాభై అయిదేళ్ళుంటాయి. వాళ్ళది విడపనకల్లు దగ్గర పల్లె. కూలిపనులు కరువై ఇటు వచ్చి, బత్తలపల్లె దగ్గరి కాలనీలో స్థిరపడ్డారు. కూతురు ఎలిజబెత్ కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోయి మూడేళ్ళవుతోంది.

"అమ్మా, నీకు తీరికుంటే ఒక మాట," అంది చిన్నక్క. కొంగులో చుట్టిన ఫోన్ బయటికి తీసింది. "మా పాప ఫోను చేసి పదైదు దినాలైనాది. ఆదివారం ఆదివారం చేస్తాండె. ఇప్పుడు యెవురో కొత్త నంబరు నుంచి మాటలు పంపిస్తాండారు. యెవురికీ తెలీలే. మా ఆయన టౌనుకు పోయి మసీదులో పెద్దాయనకు ఇనిపించినాడు. ఇది అరబ్బీ కాదు యేసన్నా అనె ఆయప్ప."

"నాకు మాత్రం ఏం తెలుస్తాదక్కా?"

"నీకు తెలుస్తాది. ఇది నీ మాటే." చిన్నక్క గొంతు తగ్గించింది. "ఐదేండ్లు ఈ తలుపు కాడ ఊడ్చినా. పిల్లోళ్ళతో నువ్వు అంటాంటావే, ఓరా, ఓరా అని. పియే, పియే అని. ఆ యమ్మి గూడా అదే అంటాండాది. రెండు దినాల నుంచి అడగాలని, మళ్ళా యెట్ల అడిగేదని..."

ఓరా అంటే కాదు, లేదు. పియే అంటే ఎలా. సుమర్ని ఫోన్ అందుకుంది. అప్పుడే క్లాసుకు వచ్చిన అరుణజ్యోతి బల్ల దగ్గర ఆగిపోయింది.

మాట్లాడి పంపిన ముక్కలు మొత్తం ఏడున్నాయి. మొదటిది నొక్కగానే కొళాయి నీళ్ళ చప్పుడు, దాని చాటున ఒక ఆడమనిషి గుసగుస. స్వచ్ఛమైన పల్లెటూరి జావనీస్. అమ్మతోనో అక్కతోనో వంటింట్లో కూర్చుని మాట్లాడే మాట. ‘మా’ అంటే అమ్మా అని పిలుపు.

‘మా, నా పేరు తుమిని. మా ఊరు పొనొరొగొ. మీ ఎలిస్, నేను ఒకే ఇంట్లో పని. ఎలిస్ పుస్తకంలో ఈ నంబరుంటే చూసి చేస్తున్నా. ఉపవాసాలు మొదలైన మూడో నాడు ఎలిస్ పైనుంచి పెద్ద గిన్నె దించుతూ మెట్ల మీద పడింది. తల పగిలింది. రక్తం చాలా పోయింది...’

"ఏమంటాండాదమ్మా?" చిన్నక్క ఆమె ముఖంలోకే చూస్తోంది.

సుమర్నికి పాఠాలలో అనువాదం అంటే వాక్యం విని వాక్యం చెప్పడమే. ఇప్పుడు మొదటి వాక్యం చెబితే ఏడో దాంట్లో ఏముంటుందో తెలియదు. "ఉండక్కా. అంతా ఇననీ," అంది.

రెండోది, మూడోది. అంబులెన్స్ వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, కట్టడి చేసింది. ఎలిస్ ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళం వేసింది. నాలుగో దాంట్లో తుమిని చాలాసేపు ముక్కు ఎగబీల్చింది. చివర వచ్చీరాని తెలుగులో "అమ్మా, బువ్వ తింటివా?" అంది. ఎలిజబెత్ ప్రతి ఆదివారం మొట్టమొదట అడిగే మాట అది. పరాయి గొంతులో అది వినేసరికి చిన్నక్క గోడకు జారగిలబడి కూర్చుంది.

ఐదోదాంట్లో కొళాయి చప్పుడే ఉంది. ఆరోది చాలా చిన్నది. ‘డ్రైవర్ ఆస్పత్రికి పోయి అడిగాడట, మా. ఎలిస్ విస్ ఓరా అనా...’ అంతలో ఎవరో తలుపు కొట్టారు. మాట తెగిపోయింది.

విస్ ఓరా అనా. ఇక లేదు. మనిషి ఆ చోట లేదన్నా అదే మాట, మనిషి చనిపోయిందన్నా అదే మాట. చావుకు జావనీస్‌లో ఎన్ని మాటలున్నాయో, ఏది ఎవరికి వాడాలో సుమర్ని ఏటా పట్టిక గీసి చెప్పేది. పల్లెవాళ్ళు ఆ పట్టికలో ఏదీ వాడకుండా ఇలాగే అంటారు. ఏడోదాన్ని నొక్కడానికి వేలు రాలేదు.

"మేడం," అంది అరుణజ్యోతి మెల్లగా. ఆ మాట ఆ అమ్మాయికీ తెలిసింది. ఆమె చేయి చాచి తనే నొక్కింది.

రెండు రోజుల తర్వాత పంపిన ముక్క అది. ‘ఆ ఆస్పత్రిలో లేదు, మా. వేరే ఆస్పత్రికి మార్చారు. ఇసిహ్ ఉరిప్. బతికే ఉంది. మాట రావడం లేదట. ఏడవకు, మా.’

"బతికుండాదక్కా," అంది సుమర్ని. ఆ తర్వాతే మిగతాదంతా మొదటి నుంచి, ఏదీ దాచకుండా చెప్పింది. చిన్నక్క అంతా విన్నది. చివర ఒక్కటే అడిగింది. "ఆ యమ్మికి మా భాష రాదని తెల్సు గదా. యెట్ల తెలుస్తాదనుకొని చెప్పె ఇంత కత?"

ఆ మాట తుమినినే అడగాలి. సుమర్ని ఆ నంబరుకు ఫోన్ చేసింది. ముక్కూమొహం తెలియని మనిషి కాబట్టి, అలవాటు చొప్పున, పాఠ్యపుస్తకంలో ఉండే పెద్ద మర్యాదల జావనీస్‌లో తను ఎవరో, ఎక్కడి నుంచో చెప్పుకుంది. ఫోన్ కట్టయింది.

మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

"ఆమె భయపడినట్టుండాది మేడం," అంది అరుణజ్యోతి. "మీరు ఆఫీసరు మాదిరి మాట్లాడినారు."

సుమర్ని ఫోన్ మళ్ళీ అందుకుంది. తర్వాత ఎత్తకపోయినా వినపడేలా, తనూ ఒక గొంతు ముక్క పంపింది. ఇరవై ఏళ్ళలో పాఠాల్లో పలికించడమే గాని, తోబుట్టువులతో తప్ప ఎవరితోనూ మాట్లాడని భాషలో. "ఏమే తుమినీ, పెట్టేస్తావెందుకే? నేను గునుంగ్ కిదుల్ దాన్ని. ఎండబెట్టిన కర్రపెండలం తిని పెరిగినదాన్ని. ఎలిస్ వాళ్ళమ్మ ఇక్కడే నా కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. నీకు పుణ్యముంటుంది, ఎత్తవే."

పావుగంటకు అటు నుంచే ఫోన్ వచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసిన గొంతు. "ఎంత భయపెట్టావక్కా! ఎంబసీ దొరసాని అనుకున్నా." ఎలిస్ వాళ్ళమ్మకు జావనీస్ రాదని చెబితే ఆ పిల్ల నమ్మలేదు. "రాకపోవడమేంటి? ఎలిస్‌కు వచ్చు కదా. వాళ్ళ ఊళ్ళో కూడా కొంచెం ఇలాగే మాట్లాడతారేమో అనుకున్నా."

ఆ రోజు నుంచి నూటపన్నెండో గదిలో మధ్యాహ్నం మూడు తర్వాత వేరే పని మొదలైంది. తుమిని దొంగచాటుగా ఫోన్ చేసేది. సుమర్ని విని చెప్పేది. అరుణజ్యోతి రాసుకునేది. డ్రైవర్ దగ్గర ఆస్పత్రి పేరు తెలుసుకోవడానికి ఆరు రోజులు, ఎలిజబెత్ గుర్తింపు కార్డు నంబరు సంపాదించడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. అరుణజ్యోతి వాటన్నిటినీ ఇంగ్లీషులో పెట్టి, కువైట్‌లో ఉండే కదిరి వాళ్ళ సంఘానికీ, ఎంబసీకీ ఉత్తరాలు పంపింది. ఒకటికి జవాబు వస్తే మూడింటికి రాలేదు. మళ్ళీ పంపింది.

ఒకరోజు డీన్ గారు అటుగా వచ్చి తలుపు తోశాడు. బల్ల మీద చిన్నక్క, నేల మీద ఆమె మొగుడు యేసన్న, మధ్యలో స్పీకర్ పెట్టిన ఫోన్. "ఏంటి మేడం ఇది?"

"క్లాస్ జరుగుతాండాది సార్," అంది సుమర్ని. లేచి నిలబడడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. ఆయన ఫోన్‌లోంచి వస్తున్న తెలియని భాషను రెండు నిమిషాలు విన్నాడు. తలుపు చేరవేసి వెళ్ళిపోయాడు. కోర్సు ఆపేసే కాగితం మాత్రం మారలేదు. దాన్ని మార్చమని అడగాలని సుమర్నికీ తోచలేదు.

అంత మంచి పని చేస్తున్నందుకు అలసట తగ్గుతుందేమో అనుకుంది గాని, తగ్గలేదు. రెండు వైపుల ఏడుపూ తన నోట్లోంచే పోవాలి. తుమిని భయపడుతూ చెప్పింది చిన్నక్కకు భయం పుట్టకుండా చెప్పాలి. చిన్నక్క కోపంగా అన్నది తుమినికి కోపంగా తగలకూడదు. సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకుని ఉపవాసం విడిచే వేళకు ఆమెకు ఏ భాషలోనూ ఒక్క మాటా మిగిలేది కాదు.

ఏప్రిల్ ఆఖరున ఎలిజబెత్ బెంగళూరులో విమానం దిగింది. సంఘం వాళ్ళు తోడిచ్చి పంపారు. యేసన్న పోయి తీసుకొచ్చాడు. ఎడమ చేయి స్వాధీనంలో లేదనీ, మాట తిరిగి వచ్చిందనీ చిన్నక్క చెప్పింది. "నిన్ను చూడాలంటాండాదమ్మా. ఊరికి పోకముందర ఒక తూరి రా."

మే రెండో వారంలో, పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చేశాక, సుమర్ని ఆటో ఎక్కి కాలనీకి వెళ్ళింది. ఒంటిగంట ఎండ. వీధిలో నీళ్ళ డ్రమ్ములు తప్ప మనుషులు లేరు. రేకుల ఇంట్లో, ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో ఎలిజబెత్ కూర్చుని ఉంది. ముప్పై రెండేళ్ళ మనిషి. తల ఒకవైపు గొరిగి, కొత్త వెంట్రుకలు గరుకుగా మొలుస్తున్నాయి. ఎడమ చేయి ఒళ్ళో దిండు మీద పెట్టుకుంది. గుమ్మంలో సుమర్నిని చూసి, పైనుంచి కిందికి తేరిపార చూసి అంది.

"కోవే వోంగ్ జోవో తెనాన్?"

నువ్వు నిజంగా జావా దానివేనా? అది కూడా ‘మీరు’ కాదు, ‘నువ్వు’. పొనొరొగొ పల్లె యాస ఎక్కడా తొణకకుండా. ఐదేళ్ళలో ముప్పై మంది పిల్లలకు ‘మీరు’ అనే మాటను నాలుక తిప్పించి నేర్పిన సుమర్ని గుమ్మంలోనే నిలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "నిజంగానే," అంది తనూ అదే భాషలో. "నీకెవరు నేర్పారే ఇంత బాగా?"

"ఎవరు నేర్పుతారు? మూడేళ్ళు ఒకే గదిలో పడుకున్నాం. మోకాళ్ళ నొప్పులు చెప్పుకోవాలన్నా, ఆ మామాను తిట్టుకోవాలన్నా ఏదో ఒక భాష కావాలి కదా. నా తెలుగు తుమినికి ఎక్కలేదు. దాని భాషే నాకెక్కింది." ఎలిజబెత్ మాట కొంచెం నెమ్మదిగా, తడబడుతూ వస్తోంది. తెలుగులోనూ అంతే తడబాటు ఉందని చిన్నక్క తర్వాత చెప్పింది.

చిన్నక్క బొరుగుల ఉగ్గాని పళ్ళెంలో పెట్టి తెచ్చింది. కూతురూ మేడమూ తనకు తెలియని భాషలో మాట్లాడుకుంటుంటే, పక్కన కూర్చుని ఇద్దరి నోళ్ళ వైపూ మార్చి మార్చి చూసింది. "నాకూ కొంచెం చెప్పండి," అంది చివరికి. "ఇంత కాలం ఊడ్చింది వృథా పాయె."

కబుర్లు మెల్లగా తుమిని దగ్గరికి వచ్చాయి. ఎలిజబెత్ ముఖం వాడిపోయింది. ఎలిజబెత్ కార్డు నంబరు బయటికి ఎవరిచ్చారో ఆ ఇంట్లో తెలిసిపోయింది. తుమినిని ఇంకెవరో చుట్టాల ఇంటికి పంపేశారట. పన్నెండు రోజులుగా ఆమె ఫోన్ మోగడం లేదు.

సుమర్నికీ అది తెలుసు. రోజూ ప్రయత్నిస్తూనే ఉంది. అయినా ఎలిజబెత్ నోట వింటే కొత్తగా వినబడింది.

"దానికి అమ్మ ఉంది," అంది ఎలిజబెత్. "ఊరి పేరు నాకు తెలీదు. పొనొరొగొ నుంచి ఇంకా లోపలికి పోవాలట. ఇటుకబట్టీ వెనక ఇల్లు. అమ్మ పేరు సుకీనెం. ఆమెకు ఎవరు చెబుతారు?" అక్కడి నుంచి తెలుగులోకి వచ్చేసింది. "నాకోసరమే గదమ్మా ఆ యమ్మికి ఇట్లైనాది. నేను ఈడ ఫ్యాను కింద కూసోనుండా."

సుమర్ని ఇరవై ఎనిమిదో తేదీ విమానానికి పోతోంది. ఇంటికి పోయి, ఎవరితో ఏమీ మాట్లాడకుండా ఒక నెల పడి ఉండాలన్నది తప్ప ఆమెకు ఇంకే ఆలోచనా లేదు. తన ఇంటి నుంచి పొనొరొగొకు బస్సులో నాలుగైదు గంటలు. ఆ జిల్లాలో ఇటుకబట్టీలు ఎన్ని ఉంటాయో. ఊరు పేరు లేకుండా సుకీనెం అనే ముసలామె కోసం ఎన్ని గుమ్మాలెక్కాలో. దొరికాక, ఆ తల్లికి ఏ మాటలతో మొదలుపెట్టాలో.

సంచిలోంచి పెన్ను తీసి, పరీక్షల టైంటేబుల్ వెనక రాసుకుంది. సుకీనెం. ఇటుకబట్టీ వెనక. "ఇంకేమైనా చెప్పిందా? పక్కన మసీదో, బడో?"

ఎలిజబెత్ కళ్ళు మూసుకుని ఆలోచించింది. "తమ్ముడు సైకిళ్ళు రిపేరు చేస్తాడంది. ఇంటి ముందర పనసచెట్టుందట."

అది కూడా రాసుకుంది. "పోతాలే," అంది. "పోయి వెతుకుతా." మాటిచ్చినట్టు గట్టిగా కాదు, రేపు బియ్యం తేవాలి అన్నట్టు అంది. ఎలిజబెత్ కుడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని కాసేపు వదల్లేదు.

"నీ మొగం చూడు యెట్లైపోయిందో," అంది చిన్నక్క. ఫ్యాను గాలి తగిలే చోట చాప పరిచి దిండు వేసింది. "బస్సు నాలుగు గంటలకు గదా. అంతదాకా అట్ల ఒరుగు."

సుమర్ని వద్దనలేదు. చెప్పులు గుమ్మం పక్కన విడిచి ఒరిగింది. రేకుల కప్పు వేడికి టపటపమంటోంది. తలాపున తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఎలిజబెత్ మధ్య మధ్య మరిచిపోయి జావనీస్‌లోకి జారుతోంది. "యేమంటివి?" అని చిన్నక్క అడుగుతోంది. ఎవరికి ఏది అర్థం కాకపోయినా సరిచెప్పవలసిన పని ఆ మధ్యాహ్నం సుమర్నికి లేదు. రెండు మాటలు విన్నదో లేదో, ఆమెకు నిద్ర పట్టేసింది.

నాలుగు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చి, కాలనీ దగ్గర ఆగి, వెళ్ళిపోయింది. బయటి నుంచి వచ్చిన యేసన్న గుమ్మంలో ఆగి, "ఏమప్పా, లేపకపోతిరే? బస్సు పాయె," అన్నాడు.

"మెల్లగా మాట్లాడు నాయనా," అంది ఎలిజబెత్. "ఐదున్నరకు ఇంకోటి ఉండాదిలే."